పెరుగన్నం దగ్గర ప్రశ్న

ఉపన్యాసం ముందా, భోజనం ముందా? మా సంఘం కార్యవర్గం ఎక్కడ మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగే తగవు ఇదే. డబ్బు దగ్గర ఇంత వాదన జరగదు. వక్త ఎవరన్న దగ్గర అసలే జరగదు, ఒప్పుకున్నవారే వక్త. భోజనం ముందు పెడితే తినేసి కారెక్కుతారని ఒక పక్షం. ఉపన్యాసం ముందు పెడితే అది అయిపోయే వేళ లెక్కగట్టుకుని వస్తారని రెండో పక్షం. రెండూ అందరం కళ్ళారా చూసిన సంగతులే కనక ఎవరినీ కాదనలేం. కానీ రెండు పక్షాల మాటల్లోనూ జనం మీద ఉన్న అభిప్రాయం ఒక్కటే. వీళ్ళు వచ్చేది తిండికి. ఉపన్యాసం ఆ తిండి మీద సుంకం. దాన్ని ఏ గేటు దగ్గర వసూలు చెయ్యాలన్నదే మన సమస్య.

నాది మూడో పక్షం. ఉపన్యాసమే ముందు ఉండాలి, అయితే జనం పారిపోతారన్న భయంతో కాదు. తినేటప్పుడు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి కనక. ముక్కూ మొహం తెలియని మనిషి పక్కన కూర్చుని ఇళ్ళ ధరలు, వీసాలు, పిల్లల కాలేజీలు కాకుండా ఇంకో మాట మాట్లాడాలంటే ఆ మాట ఎవరో ఒకరు తెచ్చి మధ్యలో పెట్టాలి. వక్త చేసే పని అంతే. ఆ పని అయ్యాక అసలు కార్యక్రమం మొదలవుతుంది. మా కార్యవర్గంలో చాలామందికి ఈ మాట వక్తను చిన్నబుచ్చినట్టు వినిపిస్తుంది.

మేమున్నది న్యూజెర్సీ మధ్య భాగంలో. సంఘం చిన్నది. జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు, ఫ్లయరు వేసేవాళ్ళూ ట్రేలు మోసేవాళ్ళూ ఒకరే. తెలుగువాళ్ళ పెద్ద సంఘాల మహాసభలు వేరే లోకం. తానా తొలి మహాసభ 1977లో న్యూయార్కులో జరిగినప్పుడు ఎలా ఉండేదో గానీ, ఇప్పుడు వాటికి కన్వెన్షన్ సెంటర్లు కావాలి, సినిమావాళ్ళు కావాలి. మాకు కావలసింది ఒక శనివారం సాయంత్రం, ఒక వక్త, ఓపికున్న కేటరర్, ఒక హాలు. గుడి హాలు సీమంతాలకూ సంగీత్‌లకూ ముందే రాసిచ్చేసి ఉంటుంది. అందుకని మేం అద్దెకు తీసుకునేది ఊళ్ళో వాలంటీరు ఫైర్ కంపెనీ వాళ్ళ హాలు. గోడకు అవతల ఎర్ర ఇంజన్లు, ఇవతల మన సాంబారు. ఎంతమందికి మించి లోపల ఉండకూడదో తలుపు పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది. జ్యోతి ప్రజ్వలనకు హాలు చూసే పెద్దాయన ఒప్పుకోడు. ట్రేల కింద మంట సరేనట, కుందిలో ఒత్తి మాత్రం కుదరదట. బ్యాటరీ దీపం కొన్నాం. ముఖ్య అతిథి వంగి స్విచ్చి నొక్కుతారు, ఫొటోలో తేడా తెలియదు.

ఆ ఫైర్ కంపెనీలకూ మాకూ ఒక చుట్టరికం ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1736లో ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ అని ఒకటి పెట్టాడు. సభ్యుడన్నవాడు తోలు బకెట్లు, సామాన్లు మోసుకొచ్చే సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. నెలకోసారి అంతా ఒకచోట చేరి, సాయంత్రం కలిసి గడిపి, నిప్పు గురించి తమకు తోచింది మాట్లాడుకోవాలి. నాకు నచ్చింది ఆ తర్వాతి నిబంధన: సమావేశానికి రాని సభ్యుడికి జరిమానా. ఆ జరిమానాల డబ్బుతోనే ఇంజన్లు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నామని తన ఆత్మకథలో రాసుకున్నాడు. వస్తామని చెప్పి రానివాళ్ళ దగ్గర మేమూ అదే పద్ధతి పెట్టుంటే ఈపాటికి మాకు సొంత హాలు ఉండేది.

ఎందుకంటే ఈ పనిలో కష్టమంతా తలల లెక్కలోనే ఉంది. వాట్సాప్‌లో పోల్ పెడతాం. "తప్పకుండా వస్తామండీ" అన్నవాళ్ళలో సగం మంది నిజంగానే రావాలనుకుంటారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా అనుకుంటూనే ఉంటారు. "చూస్తామండీ" అన్నవాళ్ళు రారు. "బాబుకు కరాటే ఉంది, అవగానే వచ్చేస్తాం" అన్నవాళ్ళు సరిగ్గా వందన సమర్పణకు దిగుతారు. అసలు జవాబే ఇవ్వని కుటుంబం ఇండియా నుంచి వచ్చిన అత్తమామలతో సహా మొదటి వరసలో కూర్చుంటుంది. డబ్బు ముందుగా కట్టించుకుంటే లెక్క కుదురుతుందని కొంతకాలం చేసి చూశాం. కుదిరింది కూడా. కాకపోతే కట్టగలిగినవాళ్ళే వచ్చారు. వచ్చే సెమిస్టరు ఫీజు గురించి ఆలోచించే ఎమ్మెస్ పిల్లలు మానేశారు, వాళ్ళు లేకపోతే ఆ హాలు రిటైర్డ్ ఉద్యోగుల సంఘంలా ఉంటుంది. మళ్ళీ పోల్‌కే వచ్చాం.

కేటరర్ ఈ విషయంలో మాకంటే అనుభవజ్ఞుడు. "ఎంతమందికండీ?" అంటాడు. "ఎనభై అనుకోండి" అంటే, "వస్తామన్నవాళ్ళు ఎనభయ్యా, వచ్చేవాళ్ళు ఎనభయ్యా?" అని ఆగుతాడు. ఫుల్ ట్రే ఎంతమందికి వస్తుందని అడిగితే సూటిగా చెప్పడు. ఇంకా ఏయే ఐటమ్స్ ఉన్నాయని ఎదురు అడుగుతాడు. అదీ నిజమే. పది రకాలుంటే అందరూ అన్నీ కాస్త కాస్త వేసుకుంటారు, నాలుగే ఉంటే మారు వడ్డించుకుంటారు. వెజ్ బిర్యానీ పెట్టిన రోజు పులిహోర మిగిలిపోతుందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా పులిహోర తీసెయ్యమనే ధైర్యం మా కార్యవర్గంలో ఎవరికీ లేదు.

అసలు భోజనం ఎందుకని ఈ మధ్య చేరిన కుర్రాడొకడు అడిగాడు. కాఫీ, బిస్కెట్లు పెట్టి పంపేస్తే సగం చాకిరీ తగ్గుతుంది కదా అక్కా అని. న్యాయమైన ప్రశ్నే. మా అమ్మమ్మ ఊళ్ళో హరికథకు ఎవరూ భోజనాలు పెట్టలేదు. పొద్దుండగానే తిని, చాపలు చంకన పెట్టుకుని రామాలయం దగ్గరికి నడిచి వెళ్ళేవాళ్ళు. శ్రీరామనవమికైతే పానకం, వడపప్పు, అంతే. దాసుగారు ఏ అర్ధరాత్రికి ముగించినా ఇల్లు నాలుగు అడుగుల్లో ఉండేది. ఇక్కడ శనివారం సాయంత్రం అయిదింటికి పిల్లల్ని కారు సీట్లలో బిగించి నలభై మైళ్ళు వచ్చిన మనిషిని తొమ్మిదింటికి బిస్కెట్టుతో పంపితే ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించేది ఎవరు? ఆ ఎవరు అన్నది అందరికీ తెలుసు కనకే, ఆమె రాదు. ఆమె రాకపోతే ఆయనా పిల్లలూ రారు. ఇక్కడ భోజనం మర్యాద కోసం కాదు, దూరం వల్ల వచ్చిన అవసరం.

వక్తల విషయంలో మాత్రం దూరం మాకు మేలే చేసింది. మే నుంచి అక్టోబరు దాకా అమ్మానాన్నలు వచ్చే కాలం. రిటైరైన ప్రొఫెసర్లు, ఇంజనీర్లు, వ్యాకరణం చెప్పిన మాస్టార్లు, ఆకాశవాణిలో పనిచేసినవాళ్ళు, సగం రాసిన నవల సూట్‌కేసులో పెట్టుకొచ్చినవాళ్ళు ఏదో ఒక టౌన్‌హౌస్‌లో మనవల స్కూలు బస్సు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. జీవితమంతా ఒక విషయం మీద పనిచేసిన మనిషి, దాన్ని అడిగేవాళ్ళు లేని ఊళ్ళో ఆర్నెల్లుంటాడు. ఫోన్ చేసి "ఓ గంట మాట్లాడతారా మాస్టారూ?" అంటే అవతల వినిపించే ఆ గొంతు కోసమైనా ఈ పని చెయ్యొచ్చు. పారితోషికం ఇవ్వలేం. విజిటర్ వీసా మీద వచ్చినవారికి కొన్ని షరతుల మీద గౌరవ వేతనం ఇచ్చే వెసులుబాటు 1998 చట్టంలో ఉంది గానీ అది విశ్వవిద్యాలయాలకూ పరిశోధన సంస్థలకూ. మా సాంబారు సంఘానికి కాదు. ఇక మిగిలింది శాలువా, జ్ఞాపిక. జులై ఎండలో శాలువా. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండే తీసుకెళ్ళనిచ్చే విమానంలోకి గాజు జ్ఞాపిక. "ఇది మా అమ్మాయి ఇంట్లోనే ఉంచి వెళ్తానమ్మా" అని ఒకాయన మొహమాటంగా చెప్పాక జ్ఞాపికలు మానేశాం. ఇప్పుడు ఆయన కోరిన గ్రంథాలయానికి, ఆయన పేరు మీద, ఇండియాలోనే పుస్తకాలు కొనిపిస్తున్నాం. శాలువా మాత్రం పోలేదు. అదీ పులిహోరలాంటిదే.

సభ నడక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరూ పడ్డవాళ్ళే. ప్రార్థనా గీతం, అధ్యక్షుల తొలి పలుకులు, పరిచయకర్త పరిచయం, ఆ పరిచయకర్త చేసే వక్త పరిచయం. "వీరి గురించి చెప్పాలంటే సమయం చాలదు" అని చెప్పి ఉన్న సమయమంతా వాడేస్తారు. అవతల ట్రేల కింద స్టెర్నో డబ్బాలు వెలిగించి ఉంటాయి. మేం కొనే రకం రెండు గంటలు మండుతుంది. వడ్డించే వేడి పదార్థం 57 డిగ్రీల సెల్సియస్‌కు దిగకుండా ఉండాలని ఇక్కడి ఆహార నియమాల్లో ఉంది. కనక వేదిక మీద వినిపించే ప్రతి "చివరిగా ఒక్క మాట"కూ వంటింటి వైపు ఒకరు థర్మామీటరు చూసుకుంటూ ఉంటారు. తెలుగు వక్తృత్వానికి కొలమానం ఉందంటే నా మటుకు నాకు అదే.

తిన్నాక మాట్లాడించే అమెరికా పద్ధతి మేలని వాదించేవాళ్ళకు నేను మార్క్ ట్వేన్ సంగతి చెబుతాను. 1877 డిసెంబరు 17న బోస్టన్‌లో కవి విటియర్ డెబ్భయ్యో పుట్టినరోజు విందు. అట్లాంటిక్ మంత్లీ పత్రికవాళ్ళు ఇచ్చింది. ఎమర్సన్, లాంగ్‌ఫెలో, హోమ్స్ అంతా ఎదురుగా కూర్చుని ఉన్నారు. రకం తర్వాత రకం వడ్డించిన పెద్ద విందు అయ్యాక ట్వేన్ లేచి, ఆ ముగ్గురు మహాకవుల పేర్లు చెప్పుకుని ఒక గనికార్మికుడి గుడిసెలో దూరిన ముగ్గురు దేశదిమ్మరుల కథ చెప్పాడు. దేశాన్ని నవ్వించినవాడు, ఆ రాత్రి తను తలపెట్టిన నవ్వు దొరకలేదని కుంగిపోయాడు. తర్వాత ఆ ముగ్గురికీ క్షమాపణలు రాసుకున్నాడు. ఆ ప్రసంగం మంచిదా చెడ్డదా అని ముసలితనం దాకా తనలో తను తేల్చుకోలేకపోయాడు. తప్పు కథదా, ఎదుటివాళ్ళ గంభీరతదా అని పండితులు వాదించుకుంటారు. నేనైతే కడుపుల వైపే చూస్తాను. నిండు కడుపుతో ఉన్న మనిషికి జోకు అర్థం చేసుకోవడం కూడా శ్రమే.

కిందటి వేసవిలో వచ్చిన ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరుగారి సభ నా పక్షానికి పెద్ద సాక్ష్యం. ధవళేశ్వరం ఆనకట్ట మీద మాట్లాడారు. 1847లో మొదలై 1852కు ఎలా అయిందో, గోదావరి మధ్య లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఎలా కట్టారో, ఇసుక పునాది మీద రాయి ఎలా నిలబడిందో, 1982కు ఆ పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ ఎలా వచ్చిందో స్లైడ్లతో చూపించారు. శ్రద్ధగా తయారుచేసిన ప్రసంగం. జనం శ్రద్ధగానే విన్నారు. ప్రశ్నలుంటే అడగండి అని మైకు ఇచ్చాం. ఒకాయన లేచి పోలవరం గురించి తన అభిప్రాయం చెప్పి, చివర "దీనిపై మీరేమంటారు?" అని కలిపారు. ఇంజనీరుగారు నవ్వి "ఏమంటామండీ" అన్నారు. ఇంకెవరూ లేవలేదు. చప్పట్లు కొట్టాం.

భోజనాల దగ్గర నీళ్ళ సీసాలు అందిస్తున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది. స్కూల్లో చూపించడానికి సర్వీస్ అవర్స్ కావాలని వచ్చిన పిల్ల. మా వాలంటీర్లలో సగం ఆ బాపతే, నాకేం అభ్యంతరం లేదు. ఇంజనీరుగారు పెరుగన్నం కలుపుకుంటున్నారు. ఆ పిల్ల సీసా పెట్టి, తన తెలుగులో, "తాతగారూ, ఆ డ్యామ్ కట్టకముందు వాళ్ళు ఏం తినేవాళ్ళు?" అంది.

ఆయన చెయ్యి ఆగింది. వానలు పడితే వరి తినేవాళ్ళు, పడకపోతే జొన్న అన్నారు. అదీ పండకపోతే? అంది. అప్పుడు మొదలుపెట్టారు. 1832, 33ల్లో వచ్చిన నందన కరువు, గుంటూరు వైపు డొక్కల కరువని చెప్పుకునేది. ఊళ్ళకు ఊళ్ళు తిండి వెతుక్కుంటూ మద్రాసు దారి పట్టడం, దారి పక్కన రాలిపోవడం. పక్కనే నిండుగా పారుతూ సముద్రంలో కలిసే నదులు. ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్, 1840ల్లో కంపెనీ ప్రభుత్వానికి రాసిన నివేదికల్లో పన్నుల రాబడి లెక్కలు ఎందుకు అంత గట్టిగా చెప్పాల్సొచ్చిందో చెప్పారు. జనం చస్తున్నారంటే కదలని ఖజానా, శిస్తు పెరుగుతుందంటే కదిలింది. ఇవేవీ స్లైడ్లలో లేవు. ఎందుకు లేవండీ అని తర్వాత అడిగితే, "సభల్లో చెప్పేది కట్టడం గురించే కదమ్మా" అన్నారు.

పక్క బల్లల వాళ్ళు కుర్చీలు లాక్కుని వచ్చారు. గుంటూరు ఆవిడ ఒకరు వాళ్ళ నాయనమ్మ గింజ కింద పడితే ఏం చేసేదో చెప్పారు. అనంతపురం అబ్బాయి చేతిలో ప్లేటుతో నిలబడే, "మా వైపు కాటన్ రాలేదు సార్" అన్నాడు. నవ్వులాటకు అన్న మాట కాదది. ఇంజనీరుగారు దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు కూడా. "మీ పక్క జిల్లాల దాకా వచ్చాడు నాయనా, కంపెనీ రూపంలో వచ్చాడు" అని, కర్నూలు కడప కాలువ కథ ఎత్తుకున్నారు. తుంగభద్ర నీళ్ళ మీద 1860ల్లో లండన్ పెట్టుబడితో తవ్వడం, రైతులు ఆ నీళ్ళు కంపెనీ అనుకున్నంత కొనకపోవడం, నష్టాలు మోసి మోసి 1882లో ప్రభుత్వానికి అప్పజెప్పడం. డెల్టాలో పనికొచ్చిన లెక్క నల్లరేగడిలో ఎందుకు తప్పిందన్న దాని మీద ఆ అబ్బాయికీ ఆయనకూ నడిచిన వాదం వింటూ నేను స్టెర్నోలు ఆర్పడం కూడా మర్చిపోయాను. ఆ రాత్రి హాలు తాళాలు వేసే పెద్దాయన మా కోసం గుమ్మంలో నిలబడాల్సొచ్చింది.

ఆ తర్వాత నేను పట్టుబట్టి కొన్ని మార్పులు చేయించాను. ప్రసంగం ఇరవై అయిదు నిమిషాలు. మైకులో ప్రశ్నలు లేవు. వక్తకు సభకు ముందే వంటింట్లో కూర్చోబెట్టి భోజనం పెట్టేస్తాం, ఎందుకంటే పంక్తిలో ఆయన్ని ఎవరూ తిననివ్వరు. ఆయన ప్లేటు అలంకారానికే. ఆ తర్వాత ఆయన్ని ప్రత్యేకమైన బల్ల దగ్గర కార్యవర్గంతో కూర్చోబెట్టకుండా బల్ల తర్వాత బల్లకు తిప్పుతాం. పప్పన్నం ఒకచోట, పులుసు ఒకచోట, పెరుగు ఇంకోచోట. కార్యవర్గానికి ఇది రుచించలేదు. ముఖ్య అతిథి పక్కన కూర్చోవడం తప్ప ఈ పనికి వాళ్ళకు దొరికే జీతం ఇంకేముంది అని ఒకాయన పైకే అన్నారు. నిజాయితీ గల మాట.

పక్కన కూర్చోవడం చిన్న సంగతి కాదని మనవాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయన మాట వినడానికి, ఆయనతో వాదించడానికి జనం కొదవలేదు. వినడం వల్ల ఎవరి కులమూ పోదు. ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నవాడికే వెలి. ఉపన్యాసం విన్న చెవులను ఎవరూ పట్టించుకోలేదు, ముద్ద ఎత్తిన చేతుల్నే లెక్కపెట్టారు.

ఇక్కడికి వచ్చినా అది పూర్తిగా పోలేదు. బల్లలు వేసి వదిలేస్తే అరగంటలో ఎవరి బల్ల వారికి ఏర్పడుతుంది. ఆ బల్లల మధ్య గీతలు జిల్లాలవా, కాలేజీలవా, ఇంకా పాతవా అన్నది చూసే కన్ను ఉంటే కనిపిస్తుంది. ఊరికి రెండు తెలుగు సంఘాలు ఎందుకున్నాయో అందరికీ తెలుసు, మైకులో ఎవరూ చెప్పరు. కలిపి కూర్చోబెడితే ఇదంతా కరిగిపోతుందని నేననను. అలా అనేవాళ్ళకు అంబేడ్కర్ ఎప్పుడో జవాబిచ్చారు. లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ తన 1936 వార్షిక సభకు ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచింది. కుల నిర్మూలన కోసమే పెట్టుకున్న సంఘం. ప్రసంగ పాఠం ముందుగా చూసి, కొన్ని భాగాలు తీసెయ్యమంది. ఒక్క కామా కూడా మార్చనన్నారాయన. సభే రద్దయింది. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత డబ్బుతో 1500 ప్రతులు అచ్చువేయించారు. సహపంక్తి భోజనాలతో కులం చావదని ఆ పాఠంలోనే ఉంది. అతిథి వక్తను పిలిచే ప్రతి కార్యవర్గమూ తెలుసుకోవలసిన కథ ఇది. మా దాంట్లోనూ "ఏం మాట్లాడతారో ముందుగా ఓ పేజీ పంపమంటే బాగుంటుందేమో" అన్న మెత్తటి గొంతు అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఫ్లయరు మీద వెయ్యడానికి శీర్షిక అడుగుతాను. పేజీ అడగను.

కనక భోజనం కులాన్ని చంపదు, ఒప్పుకున్నాను. కానీ అనంతపురం అబ్బాయి ఆ మాట మైకులో అనడు. డెల్టావాళ్ళ బల్ల దగ్గర, పెరుగన్నం తింటున్న పెద్దాయన మొహం చూస్తూ అన్నాడు. ఆయన జవాబు చెప్పాల్సొచ్చింది. నాకు కావలసింది అంతవరకే.

ఇక వంటింటి వైపు. అమెరికాలో ఆడవాళ్ళ సంఘాల చరిత్రలో ఒక విందు ఉంది. 1868 ఏప్రిల్లో న్యూయార్కు పత్రికలవాళ్ళు డెల్మానికోస్‌లో చార్లెస్ డికెన్స్‌కు వీడ్కోలు విందు ఇచ్చారు. జేన్ క్రోలీ అనే పాత్రికేయురాలు టిక్కెట్టు అడిగితే, ఆడవాళ్ళకు లేదన్నట్టు ఆడించారు. ఆవిడ వాదనతో ఆగలేదు. ఆ ఏడాదే సొరోసిస్ అని ఆడవాళ్ళ క్లబ్బు పెట్టి, అదే డెల్మానికోస్‌లో సమావేశాలు పెట్టించింది. మా దగ్గర ఎవరూ ఎవరికీ టిక్కెట్టు కాదనరు. ఫైర్‌హౌస్ వంటింటికి పైకి చుట్టుకుపోయే షట్టరు కిటికీ ఒకటుంది. ప్రసంగం జరుగుతున్నంతసేపూ ఆ కిటికీ వెనక నలుగురు ఆడవాళ్ళు అప్పడాలు వేయిస్తూ, రైతా కలుపుతూ, సగం సగం వింటూ ఉండేవాళ్ళు. ఎవరూ ఉండమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఇప్పుడు ప్రసంగం మొదలయ్యే ముందు షట్టరు దించి దీపాలార్పేస్తాం, వంటింట్లో మనిషన్నవారు ఉండకూడదు. అప్పడాలు మెత్తబడ్డాయని ఫిర్యాదు వచ్చింది. మా ఆయన దగ్గర్నుంచే.

రసీదుల గురించి ఒక ముక్క. మాది పన్ను మినహాయింపు ఉన్న సంస్థ. ఇక్కడి చట్టం ప్రకారం వంద డాలర్ల టిక్కెట్టులో భోజనం విలువ ముప్ఫై అయితే, దానం కింద లెక్కకొచ్చేది డెబ్భయ్యే. డెబ్భై అయిదు డాలర్లకు మించి ఇచ్చినవారికి ఆ సంగతి మేమే రాసివ్వాలి. మా కోశాధికారి ప్రతిసారీ పప్పు, వేపుడు, గుత్తివంకాయ, పెరుగు అని ముఖం గంభీరంగా పెట్టుకుని వెల కడుతుంటాడు. పక్క బల్లవాళ్ళతో వాదించిన దానికి ఎంత వేసుకోవాలని నేను అడిగితే, అలాంటి ప్రశ్నలు ఆడిటర్ ముందు అడగొద్దన్నాడు.

వచ్చే నెల వక్త ఒక శాసన పరిశోధకులు. కోడలికి పురుడు పోయడానికి వచ్చిన భార్యకు తోడుగా వచ్చారు. నిన్న ఫోన్‌లో మాట్లాడాను.

"ఎంతసేపమ్మా నాకు?"

"ఇరవై అయిదు నిమిషాలండీ."

"నలభై ఏళ్ళ పని తల్లీ అది. ఒక్క శాసనం చదవడానికే చాలదు."

"ఒక్క శాసనమే చదవండి మాస్టారూ. మిగతావి భోజనాల దగ్గర అడిగిస్తాం. అక్కడ మీకు రెండు గంటలు."

కాసేపు మాట లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"ఆ శాసనం కూడా అన్నసత్రం గురించే" అన్నారు. "సత్రంలో రోజూ ఎందరికి పెట్టాలి, ఏమేం పెట్టాలి, పెట్టకపోతే ఏ పాపం తగులుతుంది, అన్నీ చెక్కించాడు. సరేగానీ, నాకు షుగరమ్మా. అన్నం పడదు. చపాతీ దొరుకుతుందా మీ దగ్గర?"

దొరుకుతుందన్నాను. కేటరర్‌కు ఫోన్ చేసి ఒక్కరికి చపాతీలు కావాలన్నాను. ఒక్కరికని ఇవ్వరట, ట్రేలో అయితేనే ఇస్తారట. "ట్రే తెప్పించండి మేడమ్, షుగరున్నవాళ్ళు ఆయనొక్కరే అనుకుంటున్నారా?" అన్నాడు.

పోల్‌లో ఆ ప్రశ్న కూడా చేర్చాను.